రోగి ఏడ్చినా మనసు కదలడం లేదు, ఇది అలసటేనా?

ప్రాథమిక వైద్యంలో పనిచేసే డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు బర్న్‌అవుట్ (పని ఒత్తిడితో మనిషి లోలోపల కాలిపోవడం) గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒక రోగి రాసిన ఉత్తరం కూడా ఇందులో ఉంది. ఎవరి పేరూ, ఊరూ వేయలేదు.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా పనిచేస్తున్నాను. పొద్దుటి నుంచి ఓపీ, అది ముగిశాక రికార్డులు. కొన్ని నెలలుగా రోగి నా ఎదురుగా కూర్చుని ఏడుస్తున్నా నాలో చలనం ఉండటం లేదు. "తర్వాత ఎవరు?" అన్న మాటే నోటికొస్తోంది. ఇది అలసటా, బర్న్‌అవుటా, డిప్రెషనా? ఎలా తేల్చుకోవాలి?
— ఒక వైద్యురాలు

జవాబు: అలసటైతే నాలుగు రోజులు సెలవు పెట్టి కంటినిండా నిద్రపోతే చాలావరకు తీరుతుంది. బర్న్‌అవుట్ అలా తీరదు. సెలవు నుంచి వచ్చిన రోజు పదిగంటలకల్లా అదే బరువు మళ్లీ మీద పడుతుంది, ఎందుకంటే మీరు లేనప్పుడు అక్కడ ఏదీ మారలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. బర్న్‌అవుట్‌ని అందులో జబ్బుగా కాక, ఉద్యోగానికి మాత్రమే సంబంధించిన పరిస్థితిగా చేర్చారు. దానికి మూడు పాయలు. ఒకటి, సత్తువ అడుగంటిపోవడం. రెండు, పని మీద ఏవగింపు, మనసు దూరం జరగడం. మూడు, చేసే పనిలో పట్టు తప్పిందన్న భావన. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రకటించిన ప్రశ్నావళి కూడా దాదాపు ఈ మూడింటినే కొలుస్తుంది. మొత్తం 22 ప్రశ్నలు: అలసట మీద 9, రోగి మనిషిగా కాక కేసుగా కనిపించడం మీద 5, సాధించానన్న తృప్తి మీద 8. ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా మార్కులు. మొదటి భాగంలో 27, రెండో భాగంలో 10 గానీ, అంతకు మించి గానీ వస్తే ఎక్కువని పరిశోధకులు లెక్కవేస్తూ వచ్చారు. అయితే అవి పరిశోధన కోసం గీసుకున్న గీతలు, రోగనిర్ధారణకు పనికొచ్చే కొలతలు కావు. 26 వచ్చిందని ఊపిరి పీల్చుకోవద్దు, 28 వచ్చిందని హడలిపోవద్దు.

మీ ఉత్తరంలో కనబడుతున్నది రెండో పాయ. ఇది మనకంటే ముందు పక్కవాళ్లకు తెలుస్తుంది. "ఆ షుగరు కేసును పంపు" అనడం, రోగి జవాబు చెప్పాక రెండో ప్రశ్న వేయకపోవడం, అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లు రాకపోతే హమ్మయ్య అనిపించడం దాని గుర్తులు. మీతో పనిచేసే నర్సును మెల్లగా అడిగి చూడండి, మీకంటే ఆమే సరిగ్గా చెప్పగలదు.

రెండు వారాలపాటు ఒక పని చేయండి. ఇంటికి బయలుదేరే ముందు ఒక చీటీ మీద మూడు అంకెలు రాయండి: ఈ రోజు ఎంత ఖాళీ అయిపోయాను, రోగులకు ఎంత దూరంగా ఉన్నాను, పని ఎంత సరిగ్గా చేశాననిపించింది. ఒక్కోదానికి 0 నుంచి 10. పక్కన ఒకే ఒక్క ముక్క: ఈ రోజు అన్నిటికంటే పిండేసింది ఏది? ఆ చీటీలన్నీ వరసగా పెట్టి చూస్తే కారణం మీరనుకున్నచోట ఉండకపోవచ్చు. రోగుల రద్దీ అనుకున్నది, అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా నింపే రిజిస్టర్లు అని తేలవచ్చు.

ఇక డిప్రెషన్ సంగతి. బర్న్‌అవుట్ పనిని అంటిపెట్టుకుని ఉంటుంది. డిప్రెషన్ ఇంటికీ వస్తుంది. ఆదివారం కూడా ఇష్టమైన పని మీద ఆసక్తి ఉండదు, తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, అన్నింటికీ తప్పు నాదేననిపిస్తుంది. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి మీరు రోగులకు వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళినే మీకూ వేసుకోండి. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 గానీ, అంతకు మించి గానీ వస్తే మరో డాక్టరును కలవాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక వేరే ఏ జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు, ఆ రోజే ఒకరికి చెప్పాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూపించుకోండి. గురక, పగటి కునుకు ఉంటే అదీ చెప్పండి.

మీ మందుల చీటీ మాత్రం మీరే రాసుకోవద్దు. నిద్రమాత్రలు చేతికందే దూరంలో ఉండటం మన వృత్తిలో ఉన్న పెద్ద ప్రమాదం.

ప్రశ్న: "రోగుల బాధ మనసుకు పట్టించుకోకు, గుండె రాయి చేసుకో, లేకపోతే ఐదేళ్లలో కాలిపోతావ్" అని మా సీనియర్ సిస్టర్ అంటారు. నిజంగా సహానుభూతి వల్లే బర్న్‌అవుట్ వస్తుందా?
— స్టాఫ్ నర్సు

జవాబు: ఆ సలహా మీ మీద ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ ఇప్పటివరకూ పోగైన ఆధారాలు దానికి ఎదురుగానే ఉన్నాయి. ఆరోగ్య సిబ్బందిలో ఈ రెండింటి సంబంధాన్ని వెతికిన పది అధ్యయనాలను 2017లో ఒక సమీక్ష ఒకచోట చేర్చింది. వాటిలో ఎనిమిదింటిలో బర్న్‌అవుట్ ఎక్కువున్నచోట సహానుభూతి తక్కువగా ఉంది. స్పెయిన్‌లోని ల్యెయిడా ప్రాంతంలో ప్రాథమిక వైద్యంలో ఉన్న డాక్టర్లు, నర్సుల మీద జరిగిన అధ్యయనంలోనూ ఇదే కనబడింది. ఇవి ఎక్కువగా ఒక్కసారి అడిగి రాసుకున్న సర్వేలు కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అని వాటిని పట్టుకుని తేల్చలేం. అయినా, మనసు పెట్టేవాళ్లే ముందు కాలిపోతారన్న నమ్మకానికి మాత్రం వాటిలో బలం దొరకదు.

మరి మీ సీనియర్ చూసింది అబద్ధమా? కాదు. ఎదుటివారి నొప్పిని యథాతథంగా మనలోకి తీసుకుంటే మనం నిజంగానే కుంగిపోతాం. మెదడు పరిశోధకులు టానియా సింగర్, ఓల్గా క్లిమెకీ బృందం దీన్ని పరీక్షించింది. బాధపడుతున్న మనుషుల వీడియోలు చూపిస్తూ, మొదట ఆ బాధను పంచుకోవడంలో శిక్షణ ఇచ్చారు. చూసేవాళ్లలో దిగులు పెరిగింది. ఆ తర్వాత అదే మనుషులకు, బాధలో ఉన్నవారి మేలు కోరే కరుణలో శిక్షణ ఇచ్చారు. దిగులు తగ్గింది, మంచి భావాలు పెరిగాయి. మెదడులో స్పందించిన భాగాలు కూడా వేరు.

వార్డులో దీన్ని ఇలా వాడుకోవచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదురుగా ఉన్నప్పుడు "నాకే ఇలా జరిగితే?" అని మనసు పరుగెడుతుంది. అక్కడ ఆగండి. ప్రశ్న మార్చండి: "ఈమెకు ఇప్పుడు ఎలా ఉంది? వచ్చే పది నిమిషాల్లో ఈమెకు నేను చేయగలిగిన ఒక్క పని ఏమిటి?" కుర్చీ జరపడం, మంచినీళ్లివ్వడం, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో అడగడం, ఏదైనా సరే. అరికాళ్లు నేలకు ఆనించి, ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలండి. చేతికి పని దొరికితే బాధ లోపలే సుళ్లు తిరగకుండా బయటికి దారి దొరుకుతుంది.

ఇంకో రకం బాధ కూడా ఒకటుంది, మా దృష్టిలో మనిషిని ఎక్కువగా కాల్చేది అదే. ఏం చేయాలో తెలుసు, చేసే వీలు లేదు. ఇన్సులిన్ నిండుకుంది, పడక లేదు, రెండో రోగి తలుపు తడుతున్నాడు. ఇలాంటివి ఒకటి రెండైతే మనసు తట్టుకుంటుంది. రోజూ అయితే ఆ రోగిని చూడకుండా ఉండటమే సుఖమనిపిస్తుంది. మొద్దుబారడం మొదలయ్యేది అక్కడే. దానికి గుండె రాయి చేసుకోవడం మందు కాదు. మీ డ్యూటీ రూములో ఒక నోటుపుస్తకం పెట్టండి. "చేయాల్సి ఉండి చేయలేకపోయినవి" అని తేదీ, ఒక వాక్యం, కారణం రాయండి. నెలాఖరుకు అవే కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ పేజీని ఇన్‌ఛార్జి ముందు పెట్టండి. "చాలా ఒత్తిడిగా ఉంది మేడం" అంటే సానుభూతి దొరుకుతుంది. "ఈ నెల తొమ్మిదిసార్లు ఇన్సులిన్ లేక రోగుల్ని వెనక్కి పంపాం" అంటే మందుల ఇండెంట్ కదులుతుంది.

ప్రశ్న: నేను ఆరోగ్య కేంద్రాల పర్యవేక్షణ చూస్తాను. సహానుభూతి మంచి గుణమే, కాదనను. కానీ రోగి చక్కెర, బీపీ దానివల్ల మారతాయా? అంకెల్లో చూపించండి.
— ఒక అధికారి

జవాబు: చూపిస్తాం. అమెరికాలో 29 మంది కుటుంబ వైద్యుల సహానుభూతిని 20 ప్రశ్నల జెఫర్సన్ కొలమానంతో కొలిచి, వాళ్ల దగ్గర చికిత్స పొందుతున్న 891 మంది మధుమేహ రోగుల పరీక్షలతో పోల్చారు. 2011లో ప్రచురించారు. ఎక్కువ మార్కులొచ్చిన డాక్టర్ల రోగుల్లో 56 శాతం మందికి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 7 లోపు ఉంది. తక్కువ మార్కులొచ్చినవాళ్ల రోగుల్లో 40 శాతానికే. ఇటలీలోని పార్మాలో 242 మంది డాక్టర్లు, 20,961 మంది రోగులతో మరుసటి ఏడాది వచ్చిన అధ్యయనం ఇంకా పెద్దది. షుగర్ హఠాత్తుగా అదుపు తప్పి ఆసుపత్రిలో చేరాల్సిన స్థితులు సహానుభూతి ఎక్కువున్న డాక్టర్ల దగ్గర వెయ్యికి 4, తక్కువున్న డాక్టర్ల దగ్గర వెయ్యికి 6.5.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవి సంబంధాన్ని చూపిస్తాయి, కారణాన్ని రుజువు చేయవు. అయితే మధ్యలో ఉన్న దారి మాత్రం కళ్లకు కనబడుతూనే ఉంటుంది. నమ్మకమున్న డాక్టరుకు రోగి "మాత్రలు మానేశాను" అని నిజం చెబుతాడు. లేనిచోట "వేసుకుంటున్నానండి" అంటాడు, డాక్టరు మోతాదు పెంచుతాడు.

మీ చేతిలో ఉన్న విషయం ఒకటి అడుగుతాం: బదిలీలు. నార్వేలో నలభై అయిదు లక్షల మంది రికార్డులు చూసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే కుటుంబ వైద్యుడి దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిలో, ఏడాది మాత్రమే ఉన్నవారితో పోలిస్తే మరణాలు దాదాపు 25 శాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం 28 శాతం తక్కువ. ఒక డాక్టరు అలసిపోయి మానేసి వెళ్లిన ప్రతిసారీ రోగులు కొత్తవారితో ఆ పరిచయాన్ని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. సిబ్బంది నిలబడటం నాణ్యతకు సంబంధించిన అంకె. మీ నెలవారీ నివేదికలో దానికో గడి పెట్టండి.

ప్రశ్న: ఒక్కో రోగికి ఐదారు నిమిషాలు. అందులోనే పరీక్ష, మందులు, కంప్యూటర్. సహానుభూతికి టైమెక్కడుంది సార్?
— కొత్తగా చేరిన డాక్టరు

జవాబు: సహానుభూతికి వేరే టైము కేటాయించాలనుకుంటే దొరకదు. ఉన్న నిమిషాల్లోనే దాని చోటు వెతకాలి. ముందు ఒక భయం తీరుద్దాం. రోగిని మాట్లాడనిస్తే ఆపడని డాక్టర్లు అనుకుంటారు. స్విట్జర్లాండ్‌లో ఒక ఔట్‌పేషెంట్ విభాగంలో 335 మందిని ఆపకుండా మాట్లాడనిచ్చి గడియారం పెట్టి చూశారు. సగటున 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. ఐదు నిమిషాలు దాటినవాళ్లు ఏడుగురే. 1999లో వచ్చిన అమెరికా అధ్యయనంలో కుటుంబ వైద్యులు సగటున 23 సెకన్లకే అడ్డుపడ్డారు. పూర్తిగా చెప్పనిచ్చినవారికి అదనంగా పట్టింది 6 సెకన్లు.

క్రమం ఇది. రోగిని పిలిచే ముందు చేతులకు శానిటైజర్ రాసుకునే ఇరవై ముప్ఫై సెకన్లలో ముందటి రోగిని మనసులోంచి పంపించండి, రాబోయేవారి పేరూ, పోయినసారి రాసిన చివరి పంక్తీ చదవండి. పేరుతో పలకరించండి. "చెప్పండి" అన్నాక పెన్ను, కీబోర్డు ముట్టుకోవద్దు. ఆగాక "ఇంకా ఏమేం చెప్పాలనుకుని వచ్చారు?" అని అడగండి, "అంతేనండి" అనేదాకా. ఇది మొదట్లోనే అడగాలి. చివర్లో అడిగితే గుండెలో నొప్పి సంగతి తలుపు దగ్గర బయటపడుతుంది. ఐదు సమస్యలు చెబితే ప్రమాదమున్నది ఒకటి, వాళ్లకు ముఖ్యమైనది ఒకటి తీసుకుని, మిగిలినవాటికి తేదీ ఇవ్వండి. ఇచ్చిన తేదీ చీటీ మీద రాయండి.

ఇప్పుడు అసలైన చోటు. యాభై దాటిన ఒకామె తలనొప్పితో వచ్చిందనుకుందాం. బీపీ 170/100.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అమ్మా?"

"ఆ, వేసుకుంటున్నానండి."

ఈ ప్రశ్నకు ఈ జవాబే వస్తుంది. ఇలా అడిగి చూడండి: "రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవడం ఎవరికైనా కష్టమే. పోయిన వారంలో ఎన్ని రోజులు కుదరలేదు?"

"నాలుగు రోజులు కుదరలేదు డాక్టరు గారూ. మా ఆయన పోయినకాడ్నుంచి దేనిమీదా ధ్యాస ఉండట్లేదు."

ఇక్కడ చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. "మాత్రలు మానకూడదమ్మా, పక్షవాతం వస్తుంది" అని మందలిస్తారు. లేదా "బాధపడకండి, అంతా సర్దుకుంటుంది" అని మూత పెడతారు. రెండూ సంభాషణను ఆపేస్తాయి. ఒక్క వాక్యం చాలు: "ఒక్కరే అయిపోయారన్నమాట. ఈ స్థితిలో మాత్రలు గుర్తుండకపోవడం నాకర్థమైంది." తర్వాత మూడు నాలుగు సెకన్లు మౌనంగా ఉండండి. ఆ మౌనాన్ని మాటతో నింపాలనిపిస్తుంది, నింపవద్దు. ఆమె కళ్లు తుడుచుకుంటుంది, తలూపుతుంది, చాలాసార్లు తనే విషయానికి వచ్చేస్తుంది. అప్పుడు మాత్రను పొద్దున్నే చేసే ఏ పనితో జతచేయాలో ఇద్దరూ కలిసి నిర్ణయించండి. నిద్ర, ఆకలి గురించి రెండు ప్రశ్నలు వేసి, రెండు వారాల్లో మళ్లీ రమ్మనండి. మొత్తం ఆరు నిమిషాలు. మోతాదు పెంచి పంపేస్తే నాలుగు నిమిషాలే పట్టేది గానీ, నెలలో ఆమె మూడుసార్లు వచ్చేది.

ఇది మా ఊహ కాదు. 2000లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, రోగి మనసులోని మాటకు ఇలాంటి ఆనవాలు ఇచ్చినప్పుడు డాక్టరు అందుకున్న సంప్రదింపులు ప్రాథమిక వైద్యంలో సగటున 17.6 నిమిషాల్లో ముగిశాయి. వదిలేసినవి 20.1 నిమిషాలు సాగాయి. పట్టించుకోని మాటను రోగి మళ్లీ మళ్లీ వేరే రూపంలో తెస్తాడు.

చివర్లో "అర్థమైందా?" అనవద్దు. "ఇంటికెళ్లాక మాత్రలు ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చెప్పండి, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను" అనండి.

మరో విషయం, ఓపీలో గంటలు గడిచేకొద్దీ నిర్ణయాల నాణ్యత పడిపోతుంది. ఊపిరితిత్తులు, గొంతు ఇన్ఫెక్షన్లతో వచ్చిన ఇరవై ఒక్క వేలకు పైగా సంప్రదింపులు చూస్తే, మొదటి గంటతో పోలిస్తే నాలుగో గంటలో యాంటీబయాటిక్ రాసే అవకాశం 26 శాతం ఎక్కువ. వద్దని వివరించడానికి కావాల్సిన ఓపిక అప్పటికి అయిపోయి ఉంటుంది. రెండు గంటలకోసారి పది నిమిషాలు లేచి వెళ్లండి. కష్టమైన సంభాషణలు ముందు గంటల్లో పెట్టుకోండి.

ప్రశ్న: మా కేంద్రంలో పద్నాలుగు మంది సిబ్బంది. ఒత్తిడి తగ్గించాలని ఆదివారం ధ్యానం క్లాసు పెట్టించాను. ముగ్గురే వచ్చారు. వాళ్లకే పట్టింపు లేకపోతే నేనేం చేయను?
— ఇన్‌ఛార్జి డాక్టరు

జవాబు: వారమంతా అలసిపోయినవాళ్లకు మిగిలిన ఒక్క ఆదివారాన్ని కూడా మీరు తీసుకున్నారు. రానివాళ్లకు పట్టింపు లేదనుకోవద్దు. ధ్యానం దండగ అని మేం అనడం లేదు. 2009లో 70 మంది ప్రాథమిక వైద్యులతో అమెరికాలో చేసిన కార్యక్రమంలో బర్న్‌అవుట్ తగ్గింది, సహానుభూతి పెరిగింది. కానీ అది ఎనిమిది వారాలపాటు వారానికి రెండున్నర గంటలు, ఆపైన పది నెలలు కొనసాగిన శిక్షణ. పైగా ధ్యానంతోపాటు కష్టమైన రోగుల గురించి ఒకరికొకరు చెప్పుకోవడం అందులో ముఖ్యభాగం.

2017లో 1,550 మంది డాక్టర్లతో జరిగిన 19 అధ్యయనాలను కలిపి చూస్తే, మనిషిని మార్చాలని చూసిన ప్రయత్నాలకు కొద్ది ఫలితం వచ్చింది. పని ఏర్పాటును మార్చినచోట అంతకంటే స్పష్టమైన ఫలితం వచ్చింది. కాబట్టి పని దగ్గర మొదలుపెట్టండి.

మొదటి వారం: ఎవరేం చేస్తున్నారో గీతలు గీసి లెక్కపెట్టండి. ఒక్కొక్కరి దగ్గర ఒక కాగితం, పది రకాల పనులు, చేసిన ప్రతిసారీ ఒక గీత. ఒకే రోగి బరువును రెండు రిజిస్టర్లలోనూ కంప్యూటర్‌లోనూ మూడుసార్లు ఎక్కిస్తున్న సంగతి అప్పుడే బయటపడుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో కుటుంబ వైద్యుల కంప్యూటర్ లాగ్‌లు చూస్తే 11.4 గంటల పనిదినంలో 5.9 గంటలు రికార్డులకే పోతోందని తేలింది. మీ కేంద్రంలో ఎంతో మీకే తెలియాలి.

రెండో వారం: ఆ పనులను మూడు కుప్పలు చేయండి. ఆపేయగలిగినవి, వేరేవాళ్లు చేయగలిగినవి, డాక్టరే చేయాల్సినవి. నిలకడగా ఉన్న బీపీ, షుగర్ రోగుల మందులన్నీ ఒకే తేదీకి అయిపోయేలా సర్దితే, ఆ ఒక్క పనితోనే చీటీ కోసం వచ్చే రద్దీ తగ్గుతుంది. రక్తపరీక్షలు సంప్రదింపుకు ముందే చేయిస్తే ఫలితం చెప్పడానికి రెండోసారి పిలవనక్కర్లేదు. ఓపీ జాబితాలో గంటకు ఒక ఖాళీ ఉంచండి. అది వృథా కాదు, ఆలస్యమైనవాళ్లను అందులో సర్దవచ్చు.

తరచుగా తప్పు జరిగేది ఇక్కడే: డాక్టరు మీది భారం దించి నర్సు నెత్తిన పెడతారు, నర్సు పనుల్లో ఏదీ తీసేయరు. రెండు నెలల్లో కాలిపోయే మనిషి మారుతుంది, అంతే. ఎవరికైనా ఒక పని ఇస్తే వాళ్ల దగ్గర్నుంచి ఒక పని తీసేయాలన్నది నియమంగా పెట్టుకోండి.

రోజూ ఓపీకి ముందు పది నిమిషాలు నిలబడే మాట్లాడుకోండి. ఈ రోజు ఎవరు సెలవు, ఏ మందు లేదు, ఏ రోగి కష్టమైన వార్త వినబోతున్నాడు. నిన్నటి తప్పులు అక్కడ ఎత్తవద్దు. ఒక్కసారి అది తిట్ల సభ అయిందా, మర్నాటి నుంచి ఎవరూ నోరు విప్పరు.

మాట్లాడుకోవడానికి వేరే చోటు కావాలి. లండన్‌లో మనోవిశ్లేషకులు మైఖేల్ బాలింట్, ఎనిడ్ బాలింట్ 1950లలో కుటుంబ వైద్యులతో మొదలుపెట్టిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఆరు నుంచి పన్నెండు మంది, గంట నుంచి గంటన్నర, రెండు వారాలకో నెలకో ఒకసారి, డ్యూటీ టైములోనే. ఒకరు తనను వెంటాడుతున్న రోగి గురించి కాగితం చూడకుండా చెబుతారు, ఐదు నిమిషాలు. వివరాల కోసం కొన్ని ప్రశ్నలు. తర్వాత చెప్పినవారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని వింటారు. మిగతావాళ్లు ఆ రోగికి ఏమనిపించి ఉంటుందో, ఆ డాక్టరుకు ఏమనిపించి ఉంటుందో మాట్లాడతారు. "నేనైతే ఫలానా మందు ఇచ్చేవాణ్ణి" అని ఎవరైనా మొదలుపెడితే నడిపేవారు ఆపాలి. నడిపేది మీరు కాకూడదు. సిబ్బంది పనితీరు మీద రహస్య నివేదికలు రాసే మనిషి గదిలో ఉంటే ఎవరూ నిజం మాట్లాడరు. బయటినుంచి అనుభవమున్నవారిని పిలవండి.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా మా ఇంటిల్లిపాదికీ చూసే డాక్టరు గారు ఈమధ్య తలెత్తి చూడకుండానే మందులు రాసేస్తున్నారు. మాటల్లో విసుగు. మార్చేయమంటారా?
— ఒక పాఠకుడు

జవాబు: వెంటనే మార్చవద్దు. ఇరవై ఏళ్ల పరిచయం పోతే కొత్తవాళ్లతో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. చెప్పాల్సిన రెండు విషయాలు కాగితం మీద రాసుకెళ్లి, కూర్చోగానే చూపించండి. వేసుకునే మందులన్నీ సంచిలో తీసుకెళ్లండి. మర్యాదగా ఒక మాట చెప్పవచ్చు: "డాక్టరు గారూ, పోయిన రెండుసార్లూ నా మాట పూర్తి కాలేదు, ఈసారి ఒక్క నిమిషం వినండి." కుదిరితే "మీరు బాగానే ఉన్నారా?" అనీ అడగండి. వాళ్లను అలా అడిగేవాళ్లు తక్కువ. అయినా పరీక్ష చేయకుండా మందు రాయడం, అవమానించడం జరుగుతుంటే మాత్రం మారాల్సిందే. అలసట దానికి సాకు కాదు.

ప్రశ్న: మాకు బర్న్‌అవుట్ సర్వే పెడతామంటున్నారు. నిజం రాస్తే పేరు బయటికొస్తుందేమోనని భయం.
— ఫార్మసిస్టు

జవాబు: మూడు విషయాలు ముందే రాతపూర్వకంగా అడగండి. జవాబులు ఎవరు చూస్తారు? ఎంతమంది కంటే చిన్న గుంపు ఫలితం విడిగా ప్రకటించరు? ఫలితం వచ్చిన ఎన్ని వారాల్లో ఏం మారుస్తారు? నలుగురున్న విభాగం సగటును విడిగా ప్రకటిస్తే పేరు రాయకపోయినా పేరు చెప్పినట్టే. మూడోదానికి జవాబు లేకపోతే సర్వే వాయిదా వేయమనండి. అడిగి ఏమీ చేయకపోవడం, అడగకపోవడం కంటే ఎక్కువ హాని చేస్తుంది.

ప్రశ్న: నెల క్రితం ఒకేలా ఉన్న రెండు మందుల్లో ఒకటి పొరపాటున ఇచ్చాను. రోగి క్షేమమే. కానీ అప్పటినుంచి రోగుల ముఖం చూడలేకపోతున్నాను. ఉద్యోగం మానేయాలనిపిస్తోంది.
— స్టాఫ్ నర్సు

జవాబు: తప్పు జరిగినప్పుడు మొదటి బాధితుడు రోగి. దానితో కుంగిపోయే సిబ్బందిని రెండో బాధితులని డాక్టర్ ఆల్బర్ట్ వూ 2000లో రాశారు. ముఖం చూడలేకపోవడం మీ మనస్సాక్షి ఇంకా పనిచేస్తోందనడానికి గుర్తు. కానీ దాన్ని అలాగే వదిలేస్తే ప్రమాదం. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో జూనియర్ డాక్టర్లను నెలల తరబడి గమనించారు. తప్పు చేశామనుకున్నవాళ్లలో ఆ తర్వాత బర్న్‌అవుట్ పెరిగింది. బర్న్‌అవుట్ ఎక్కువున్నవాళ్లు, సహానుభూతి తగ్గినవాళ్లు ఆ తర్వాత తప్పు చేశామని చెప్పే అవకాశమూ పెరిగింది. 42 వేల మందికి పైగా డాక్టర్ల సమాచారాన్ని కలిపి చూసిన 2018 విశ్లేషణలో, బర్న్‌అవుట్ ఉన్నచోట రోగి భద్రతకు సంబంధించిన సంఘటనల అవకాశం దాదాపు రెట్టింపు. అంటే ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

ఇప్పటికీ ఇన్‌ఛార్జికి చెప్పకపోతే ఈ వారమే చెప్పండి, ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లండి. రోగికి ఏం జరిగిందో, దానివల్ల ఏమైందో, ఇకముందు ఏం మారుస్తారో ఇన్‌ఛార్జితో కలిసి సూటిగా చెప్పి, క్షమాపణ అడగండి. తర్వాత ఆ రోజును గంటలవారీగా కాగితం మీద పెట్టండి: ఎన్నో గంట డ్యూటీ, ఎవరైనా మధ్యలో పిలిచారా, రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయా, వెలుతురు ఎలా ఉంది. "నేను అజాగ్రత్తగా ఉన్నాను" అన్నది కారణం కాదు, అక్కడ ఆగితే రేపు ఇంకొకరి చేతిలో అదే జరుగుతుంది.

మూడు వారాలు గడిచినా నిద్రలో అదే కనబడుతుంటే కౌన్సెలర్‌ను కలవాలి, మీకు ఇప్పటికే నెలైంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. రాజీనామా నిర్ణయం మాత్రం ఇప్పుడు తీసుకోవద్దు, కనీసం రెండు మూడు నెలలు ఆగండి. ఈలోగా ఆ రెండు మందులనూ వేర్వేరు అరల్లో పెట్టించండి. పెట్టెల మీద పేరులో తేడా ఉన్న అక్షరాలను పెద్దగా రాసిన లేబుళ్లు అతికించండి. మందు తీసేటప్పుడు, రోగికి ఇచ్చేముందు పేరు పైకి చదవండి, రెండోసారి పక్కన ఉన్న సిస్టర్ వినేలా. ఆమె మందులకూ మీరు అలాగే వినండి.